పాలచిప్పకు పెట్టిన చిల్లు

రండి, ఆ పీట ఇంకాస్త ఇటు లాక్కుని కూర్చోండి. నా గొంతు ఈమధ్య దూరం పోవడం లేదు, చెప్పిందే మళ్లీ చెప్పించుకునేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. చెప్పేది ఒక ఆల్చిప్ప సంగతి.

ఆల్చిప్పలన్నీ ఒకటేనని అనుకునేవాళ్లు లోకంలో బోలెడుమంది. వాళ్లంటే నాకు జాలి కూడా లేదు. మా కోనసీమ కాలవలో ఒండ్రుమట్టిలో పెరిగిన చిప్ప వేరు, ఈ విశాఖపట్నం రేవులో డీజిలు నీళ్లు తాగి బలిసిన చిప్ప వేరు. కాలవ చిప్పను అరచేతిలో పెట్టుకుంటే ఇంకో అరచెయ్యిలా ఒదిగిపోతుంది. పైన బురద రంగు, లోపల కాగిన పాల మీద మీగడ కట్టినట్టు మెరుపు. రేవు చిప్ప ఒక పక్క సూదిగా, ఇంకో పక్క వెడల్పుగా మేక గిట్టలా ఉంటుంది. దాని మీద పచ్చటి తొక్క ఒకటి, ఎండితే పెచ్చులుగా రాలుతుంది. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచినవాడెవడో గానీ, వాడికి కళ్లు లేవు.

మా ఆయనకు స్టీల్ ప్లాంటులో పని దొరికి మేము ఇటు వచ్చేసినప్పుడు, మా అత్తగారు సామాన్లలో ఒక జత కాలవ చిప్పలు గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఒకే ప్రాణికి రెండు రెక్కలు. అందులో ఒకదాని వీపును గరుకు రాయి మీద నీళ్లు చల్లి అరగదీస్తే, నడుమ కాసంత చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచు కత్తి కంటే పదును. దానితో మాగాయకు మామిడికాయ చెక్కు తీస్తే, తోలు పొరలు పొరలుగా చిల్లులోంచి పైకి వస్తుంది, కండ ఒక్క పిసరు పోదు. అది మాగాయ చిప్ప. రెండోదానికి చిల్లు లేదు. అది పాలచిప్ప. పసివాళ్లకు ఆముదం పట్టినా, ఉగ్గు పట్టినా, తల్లి పాలు పిండి పట్టినా అందులోనే. నా ఇద్దరు పిల్లలూ ఆ చిప్ప అంచు చప్పరించే పెరిగారు.

మాగాయ చిప్ప వంటింట్లో మేకుకు వేలాడేది. పాలచిప్పకు అప్పుడప్పుడూ కొబ్బరినూనె రాసి, పాత చీరగుడ్డలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టేదాన్ని. నగలకు కూడా అంత మర్యాద చేయలేదు నేను.

ఇది రెండేళ్ల కిందటి వేసవిలో మాట. మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత. పిల్లను ఆసుపత్రిలో గాజు పెట్టెలో పెట్టారు. నేనూ అమ్మాయీ అక్కడే ఉండిపోయాం. ఇంటి దగ్గర అప్పటికే బుట్టెడు మామిడికాయలు తెచ్చి పడేసి ఉన్నాయి. అవి మగ్గిపోతాయని, మాగాయ పని చూడమని మా తోటికోడలికి ఫోను చేశాను. ఆవిడ మా మరిది భార్య, ఆనందపురం పిల్ల. పని చెబితే కాదనదు. పని చెప్పకపోతే తనే వెతుక్కుని చేస్తుంది, ప్రమాదం అక్కడుంది.

ఒక బుధవారం నాడు పిల్లను ఇంటికి పంపారు. పంపుతూ నర్సు మా అమ్మాయికి చెప్పింది. "పాపకి పీల్చే బలం ఇంకా రాలేదమ్మా. సీసా వద్దు. మీ పాలే పిండి, కొద్దికొద్దిగా పట్టండి. సోమవారం తీసుకురండి, తూకం చూస్తాం. పెరగకపోతే మళ్లీ పెట్టెలో పెట్టాల్సిందే."

ఆ మాటకు మా అమ్మాయి మొహం పాలిపోయింది. అన్ని రోజులూ అద్దం అవతలి నుంచి బిడ్డను చూసిన మనిషి. నేను మాత్రం ధైర్యంగానే ఉన్నాను. ఇంట్లో పాలచిప్ప ఉంది కదా అని.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని డబ్బా మూత తీశాను. గుడ్డ ఉంది, చిప్ప లేదు. తలెత్తి చూస్తే వంటింటి మేకుకు వేలాడుతోంది, నడుమ చిల్లు, చిల్లులోంచి పురికొస.

"ఇదేంటి?" అన్నాను.

"సిప్ప, అక్కా," అంది మా తోటికోడలు, జాడీకి వాసెన కడుతూ. "నీ పాత సిప్ప అంచు ఇరిగిపోయుంది. డబ్బాలో ఇది దొరికినాది. సిల్లు లేదని నానే పెట్టీసినాను. ఎంత గట్టి సిప్పో, పొద్దున్న కూకుంటే మజ్జాన్నం దాకా అరగదీసినాను."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవులూ సెప్పలేదు. సిల్లు లేని సిప్ప ఎందుకక్కా, ఉత్తినే?"

"ఇంట్లో పీలరు లేదా?"

"పీలరుతో తీత్తే కండ కూడా పోద్దని నువ్వే కదా సెప్పినావు, మొన్న ఫోన్లో."

అన్నాను, నిజమే. నా మాట నాకే తిప్పి కొట్టేవాళ్లంటే నాకు ఇంకా మంట. అది ఏ చిప్పో, దేనికి దాచానో చెప్పాను. ఆవిడ చేతిలో వాసెన గుడ్డ అలాగే ఆగిపోయింది. అయినా నేను వదల్లేదు. "గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టిన వస్తువుకు చిల్లు పెట్టాలని తోచిందంటే, నీ బుర్రకు ఎవరు పెట్టారమ్మా చిల్లు?" అన్నాను.

సరే, చెంచాతో పట్టి చూశాం. స్టీలు చెంచా వంచితే ఒక్కసారిగా అంతా పడుతుంది, లేదా ఏమీ పడదు. పిల్లకు పొలమారింది, పాలు మెడ కిందకు కారాయి. మందుల షాపులో అమ్మే ప్లాస్టిక్ గిన్నె తెప్పించాం, దాని మూతి పంది మూతిలా ఉంది. మా వియ్యపురాలు ఘనంగా వెండి ఉగ్గుగిన్నె పంపింది. దాని ముక్కులోంచి పాలు ధారగా వస్తాయి. ఏడాది పిల్లాడికైతే బాగుండేది. వెండి అని ముచ్చటపడి కొన్నదే గానీ, పసిదాని గొంతు ఎంతుంటుందో ఆలోచించిందా? గురువారం పొద్దుటికి పిల్ల ఏడుపు కూడా సన్నబడింది. మా అమ్మాయి బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. "ఎందుకే?" అంటే, "సోమవారం ఎలాగూ ఉంచేస్తారుగా అమ్మా," అంది.

దాంతో నేను ఇంకో చిప్ప తెస్తానని లేచాను.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడను అడిగితే, "రేవుకి రా అమ్మా, గంపలకి గంపలు ఇప్పిత్తాను," అంది. బస్సెక్కి ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. ఒక పాత బోటును గట్టు మీదకు లాగి పెట్టారు. దాని అడుగున ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా, ఒకదాన్నొకటి పట్టుకుని, పీచు తాళ్లతో కరుచుకుని ఉన్నాయి. ఇద్దరు మనుషులు ఇనప పారతో గీకి కింద పడేస్తున్నారు. జెట్టీ స్తంభాలకూ అవే, లంగరు తాళ్లకూ అవే. అలలు కొట్టే బండల మీద గోరంతేసి నల్లవి కూడా ఉంటాయట, వాటిని ఎవరూ లెక్కచేయరు. ఇనుమైనా కొయ్యైనా సిమెంటైనా వీటికి ఒకటే. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికితే చాలు. నోరు తెరిచి నీళ్లు తాగడం, ఆ నీళ్లలో ఏముంటే అది కడుపులో దాచుకోవడం, ఇదే బతుకు. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్లను చూశాను.

"బావా, ఈయమ్మకి పెద్దయి సూసి తియ్యి," అని చేపలావిడ కేకేసింది.

పార పట్టుకున్న మనిషి నా వైపు చూశాడు. "కూరకేనామ్మా? పులుసెట్టండి, నోరూరిపోద్ది. హోటలోళ్లు ఇయే పట్టుకెళ్తన్నారు."

హోటలు మాట నాకు తెలుసు. బీచ్ రోడ్డులో వీటికే వెన్న రాసి, తెల్ల పళ్లెంలో అరడజను పెట్టి, పక్కన నిమ్మచెక్క ఉంచుతారట. మొన్నమొన్నటి దాకా రేవువాళ్లు ఇవి తింటారని ముక్కు మూసుకున్నవాళ్లే ఇప్పుడు ఫోటోలు తీసుకుని మరీ తింటున్నారు. పేదవాడి కంచంలో ఉంటే నీచు, పింగాణీ పళ్లెంలోకి వస్తే రుచి. వాళ్ల నాలుకలను నేను ఎప్పుడూ నమ్మలేదు.

ఒక పెద్ద చిప్ప విప్పించి, కడిగి, సీసాలో నీళ్లు అందులో పోసి వంచి చూశాను. నీళ్లు అంచు పొడవునా రెండు పక్కలా కారిపోయాయి. వీపు మీద ఎర్రటి రంగు అంటుకుని ఉంది. గోటితో గీకినా పోలేదు.

"ఏటమ్మా, నీళ్లు పోసి సూత్తన్నావు?" అంది చేపలావిడ.

"నెలలు నిండని పిల్లకు పాలు పట్టడానికి."

"ఓలమ్మ, ఇందల పాలు పోత్తారా ఎవులైనా? ఆ ఎర్రది బోటుకి ఏసే రంగు. పురుగు పట్టకుండా ఏత్తారు. ఇసమమ్మా అది."

"ఆ ముక్క వీధిలోనే చెప్పొచ్చు కదా, బస్సు ఎక్కించే ముందు."

"నువ్వు సిప్ప అన్నావు గానీ పాప అనలేదు కదమ్మా."

చిప్పను నీళ్లలోకి విసిరేశాను. ఏ స్తంభం దొరికితే దాన్ని పట్టుకుని వేలాడే జాతిది, పోతే పోయింది.

అక్కడినుంచి ఆటోలో వన్‌టౌన్‌కు వెళ్లాను. అక్కడ ఒక సాయిబు గారి కొట్టు ఉంది. గవ్వలతో, చిప్పలతో అద్దం చట్రాలు, దీపాలు, గుమ్మానికి వేలాడే తెరలు చేస్తారు. లోపల అడుగుపెడితే అన్నీ తళతళలే. ఇంత మెరుపు చూస్తే నాకు ముందే అనుమానం. బేరానికి వచ్చినవాళ్ల కళ్లు కప్పడానికి తప్ప ఎందుకిది అనుకుంటూనే, బాగా లోతున్న చిప్ప ఒకటి తీసి, "ఇదెంత?" అన్నాను.

"ఎందుకమ్మా?" అన్నాడాయన.

ఈసారి పాప మాట ముందే చెప్పాను. ఆయన నా చేతిలోంచి చిప్ప తీసేసుకుని షెల్ఫులో పెట్టేశాడు. "నహీ అమ్మా, ఇవ్వను. ఇది యాసిడ్‌లో కడిగింది, పైన వార్నిష్ కొట్టింది. గోడకు బాగుంటుంది, పిల్ల నోటికి బాగుండదు. మీకు కావలసింది చెరువు చిప్ప. పద్మనాభం వైపు చెరువుల్లో ఉంటాయి. మా అబ్బా, అదే మా నాన్నగారు, షర్టు బొత్తాలు కోయడానికి అక్కడినుంచే బస్తాలు తెప్పించేవారు. ఒక్క మాట, దాన్ని తొందరపడి ఆరబెట్టకండి. మంట దగ్గరకు తీసుకెళ్లకండి. తడి గుడ్డలో చుట్టి, నీడలో వారం పది రోజులు నెమ్మదిగా ఆరనివ్వాలి. తొందరపడితే పగులుతుంది."

వచ్చిన బేరం వదులుకున్నాడు కాబట్టి ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది. చివరి మాటతో అదీ పోయింది. కాలవ గట్టున పుట్టినదానికి, అలంకారాల కొట్టులో కూర్చున్నవాడు చిప్ప సంగతి చెబుతాడా? మా అత్తగారు ఎన్ని చిప్పలు ఉడకబెట్టలేదు? తల ఊపి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున్నే పద్మనాభం బయల్దేరుతుంటే మా తోటికోడలు చెప్పులేసుకుని నిలబడింది. "అది మా సైడే అక్కా. నానూ ఒత్తాను. నీకు దారి తెలీదు."

"నువ్వు ఇంట్లోనే ఉండు. ఇంకేదైనా చిల్లు లేనిది కనిపిస్తే దానికీ పెట్టు," అన్నాను. ఆవిడ చెప్పులు విప్పేసింది.

ఆనందపురం జంక్షన్‌లో బస్సు మారి, రెండుచోట్ల దారి తప్పి, ఎండ నెత్తికెక్కాక ఒక చెరువు దగ్గరికి చేరాను. నీళ్లు నడుమకు ఇంకిపోయి, చుట్టూ బురద నెర్రెలు విచ్చి ఉంది. ఒక ముసలామె మోకాళ్ల దాకా బురదలో దిగి, కాలి వేళ్లతో వెతికి చిప్పలు తీస్తోంది. వేసవిలో నీళ్లు తగ్గితే ఇవి బురదలోకి దిగి నోరు మూసుకుని కూర్చుంటాయి, వానలు పడేదాకా అంతే.

"బాతులకా అమ్మా?" అంది నన్ను చూసి. "ఇయి పగలగొట్టి ఏత్తే గుడ్లు బాగా పెడతాయి."

"కాదు, మనవరాలికి."

"మీ పట్నంలో మనవరాళ్లకి ఇయే పెడతన్నారేటి ఇప్పుడు?"

"లోపలిది కాదు. చిప్ప కావాలి, పాలు పట్టడానికి."

ఆమె నవ్వు ఆపి, తన గంప అంతా వెతికి, అరచెయ్యి కంటే పెద్దది ఒకటి తీసి, చెరువు నీళ్లలో కడిగి ఇచ్చింది. మూసుకుని ఉంది, బతికే ఉంది. నిండు చంటిపిల్ల తలలా బరువు. పట్టుకోగానే మా కాలవ గట్టు గుర్తొచ్చింది. అంత వెతుకులాటలో నేను ఈసడించుకోని చిప్ప అదొక్కటే.

ఇంటికొచ్చేసరికి పిల్లను ఒళ్లో పెట్టుకుని మా అమ్మాయి చెంచాతో యుద్ధం చేస్తోంది. గుడ్డంతా తడిసింది, కడుపులోకి ఎంత వెళ్లిందో దేవుడికెరుక. నేను బట్టలైనా మార్చుకోకుండా నీళ్లు మరగబెట్టి చిప్ప వేశాను. అది విచ్చుకుంది. లోపలిది తీసి పారేసి, బూడిదతో తోమి, మళ్లీ ఉడకబెట్టాను. లోపలి మెరుపు చూసి, "చూడు, ఇదీ చిప్పంటే," అని మా తోటికోడలికి చూపించాను. తడి ఆరడానికి పొయ్యి గట్టు మీద, వేడి తగిలేచోట పెట్టాను.

టప్‌మని శబ్దం వచ్చింది. అంచు నుంచి మడత దాకా నిలువునా పగిలింది. ముట్టుకుంటే లోపలి పొర పెచ్చులుగా చేతికి వచ్చింది. రెండో రెక్క అప్పటికే వంకర తిరిగింది.

సాయిబు గారి మాట అప్పుడు గుర్తొచ్చింది. వారం పది రోజులు. మాకున్నది సోమవారం దాకా.

మా తోటికోడలు నన్ను ఒక్క మాటైనా అంటుందని చూశాను. అంటే నేనూ రెండు అని ఊరుకునేదాన్ని. ఆవిడ అనలేదు. మేకు మీది చిల్లు చిప్ప తీసింది. పురికొస తెంపి, చిల్లు అంచు పదును పోయేదాకా స్టీలు గ్లాసు అడుగుతో రుద్దింది. వేలు పెట్టి చూసుకుంది. సబ్బుతో కడిగి, మరిగే నీళ్లలో వేసి, తీసి, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. పాపకు ఎదురుగా చాప మీద కూర్చుని, చిప్ప కింద చిటికెనవేలు చిల్లుకు ఆనించింది.

"పాలు పొయ్యమ్మా, ఇందల," అంది మా అమ్మాయితో.

"పిన్నీ, చిల్లు ఉందిగా."

"సిల్లుని నాను మూసినాను కదా. నువ్వు పొయ్యి."

పోసింది. చుక్క కూడా కారలేదు. చిప్పను పాప నోటి మీదుగా పట్టుకుని, చిటికెనవేలు వెంట్రుకవాసి వదులు చేసింది. ఒక చుక్క కింది పెదవి మీద పడింది. వేలు బిగించింది. పాప పెదవి కదిపి నాలుక చాపింది, మింగింది. మళ్లీ వదిలింది, ఇంకో చుక్క. పిల్ల మింగితే చుక్క, మింగకపోతే లేదు. ఒకసారి ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆవిడ వేలూ ఆగింది. పొలమారలేదు, మెడ మీదకు కారలేదు.

"కొళాయి లాగే అక్కా," అంది తల తిప్పకుండానే. "ఇప్పితే ఒత్తాది, కట్టీస్తే ఆగుతాది."

ఆ చిప్పెడు పాలు తాగడానికి చాలాసేపే పట్టింది. చెంచా వంపు మన చేతిలో ఉండదు, ఉగ్గుగిన్నె ముక్కు మన చేతిలో ఉండదు. చిల్లు లేని నా పాలచిప్ప కూడా అంత చిన్న గొంతుకు పనికొచ్చేదో లేదో, ఇప్పుడు ఆలోచిస్తే నాకు అనుమానమే. నా పిల్లలిద్దరూ నిండు నెలల వాళ్లు మరి.

శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుట దాకా ఆవిడ మా ఇంట్లోంచి కదల్లేదు. మా మరిది ఫోన్ చేసి, "ఇంటికి రావేటే?" అంటే, "నా ఏలు ఇక్కడ ఉద్యోగం సేత్తన్నాది, ఏటి సెయ్యమంటావు?" అంది. నేను కూడా వేలు పెట్టి చూశాను. నా చేతికి ధారే వచ్చింది. చిల్లుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అరగదీసిన చెయ్యికే దాని కొలత తెలుసు కాబోలు.

సోమవారం ఆసుపత్రిలో తూకం పెట్టారు. మా అమ్మాయి సంచి పట్టుకునే వచ్చింది, బట్టలతో సహా. నర్సు మా మొహాలు చూడలేదు, కాటా వైపే చూసింది. "పెరిగింది," అంది. "తీసుకెళ్లొచ్చు. చెంచాతోనే పట్టారా?"

నేను నోరు తెరిచేలోపు మా తోటికోడలు, "సేత్తోనే పట్టినాం," అంది.

"చేతులు కడుక్కున్నారా?" అంది నర్సు. అంతకంటే ఏం అడుగుతుంది ఆవిడ.

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు నేను అన్నాను. పొగడటం నాకు చేతకాదు, ఉన్నమాటే అన్నాను. "చూడమ్మా, అది నువ్వు బుద్ధితో పెట్టిన చిల్లు కాదు. బుద్ధి లేక పెట్టిన చిల్లే."

"నిజమే అక్కా," అంది ఆవిడ, పాప మొహానికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పెడుతూ. "మరి మూసినది ఎవులు?"

ఆటో వచ్చింది కాబట్టి సరిపోయింది.

పిల్ల ఇప్పుడు ఇల్లంతా పరిగెడుతోంది, చేపలావిడ గంపలో చెయ్యి పెట్టి రేవు చిప్పలు ఏరుకుంటుంది. వద్దంటే వినదు. ఆ చిల్లు చిప్ప మళ్లీ గుడ్డలో, డబ్బాలో ఉంది. డబ్బా మాత్రం మా తోటికోడలి ఇంట్లో ఉంది. నేనే ఇచ్చాను. మాగాయకు ఇప్పుడు పీలరే. చెక్కుతోపాటు కండ కూడా పోతోంది. కళ్లారా చూస్తూ నోరు మూసుకుంటున్నాను, వేసవిలో చెరువు చిప్పలాగా.

ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంట పుట్టినవాళ్లు పొలమారకుండా తాగాలి, మీ జాడీలు అడుగంటకూడదు, మీ చూరు కింద నాలాంటి నోరున్న మనిషి ఒకత్తె ఉంటే, దానికి విరుగుడుగా ఆవిడలాంటి చెయ్యి ఉన్న మనిషి ఇంకొకత్తె ఉండాలి. చల్లగా వెళ్లిరండి.